అత్తగారి ఎత్తు బెల్లం

అనగనగా... ఇదేమిటి, ఎవరూ ఊఁ కొట్టరేం? ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ పొలిమేర దాటదు నాయనా. ఆఁ, అదిగో, అలా!

ముందుగా ఆ బొజ్జ గణపయ్యకు ఒక దండం పెట్టుకోండి. ఇవాళ్టి కథంతా బెల్లం చుట్టూ తిరుగుతుంది. బెల్లం అంటే మొదటి ముక్క ఆయనదే కదా! పెట్టుకున్నారా? ఇక వినండి.

అనగనగా చెరకుల కోన అని ఒక కోన. వనదేవత చల్లని చూపు వల్ల అక్కడ చెరకు ఏనుగెత్తు పెరిగేది. కోన పక్కనే ఒక కాలువ. కాలువ గట్టున ఒక పాక. ఆ పాకలో కంటకయ్య శెట్టి అనే ముళ్లపంది బెల్లం వండించేవాడు.

కంటకయ్య మంచివాడే. కష్టపడేవాడే. ఒక్కటే చిక్కు. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా ఆయన ఒంటి మీది ముళ్లన్నీ నిక్కపొడుచుకునేవి. అందుకని ఆయన్ను మెచ్చుకోవాలన్నా జనం అల్లంత దూరాన నిలబడి మెచ్చుకునేవారు.

ఆయన భార్య సూదమ్మ. మాట తక్కువ, చూపు ఎక్కువ.

పాకలో పనివాళ్లు ముగ్గురు. గున్నయ్య అనే ఏనుగు గానుగ తిప్పి చెరకు రసం తీసేవాడు. ఎంకయ్య అనే ఎలుగుబంటి ఆ రసాన్ని పెద్ద పెనంలో పోసి, కింద మంట పెట్టి, పాకం కాచేవాడు. కోటప్ప అనే కోతి ఆ పాకాన్ని చేతుల్తో దిమ్మలు చుట్టేవాడు.

ఆ అడవిలో కాసులూ లేవు, రూకలూ లేవు. బెల్లమే డబ్బు. చెరకు పండించే దుప్పులకు కొన్ని దిమ్మలు, కట్టెలు తెచ్చే అడవిపందులకు కొన్ని దిమ్మలు, పనివాళ్ల తిండికి కొన్ని దిమ్మలు.

ఇక ఆ పెనం సంగతి చెప్పాలి. అది కంటకయ్యది కాదు. అత్తగారిది!

అత్తగారి పేరు ములుకులమ్మ. పేరుకు తగ్గట్టే ఆమె ముళ్లకంటే మాటలు వాడి. పెళ్లయిన కొత్తలో ఆ పెనం అల్లుడికి అప్పజెబుతూ ఆమె ఇలా అంది.

"అల్లుడుగారూ! ఇది మీకు ఊరికే ఇవ్వడం లేదు. ఏటేటా వనదేవత జాతరనాడు నా ఎత్తు బెల్లం అమ్మవారికి తులాభారం తూగాలి. అది నా పెనం కూలి. తూగిందా, పెనం మీ దగ్గరే ఉంటుంది. తూగలేదా, అవతలి కోనలో ఉన్న మా అబ్బాయికి ఇచ్చేస్తాను. వాడు 'నేను తూస్తానే అమ్మా' అని ఇప్పటికే నా కాళ్లకు చుట్టుకుంటున్నాడు."

కంటకయ్య అత్తగారిని పై నుంచి కింది దాకా ఓసారి చూశాడు. "చిత్తం అత్తయ్యగారూ" అన్నాడు. ఇంకేమంటాడు పాపం!

పెనం పోతే పాక మూతపడినట్టే. అంత పెనం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అయినా అమ్మవారి దయవల్ల ప్రతి ఏడూ ఎలాగో త్రాసు తూగుతూనే వచ్చింది.

ఊఁ కొడుతున్నారా? మంచిది.

ఒకసారి కంటకయ్య బెల్లం అప్పజెప్పి రావడానికి సింహం మహారాజుగారి పట్టణానికి వెళ్లాడు. అక్కడ కొలువులో ఒక వింత చూశాడు. అందరికంటే ఎక్కువ చెట్లు పడగొట్టిన ఏనుగు మెడలో బంతిపూల దండ. అందరికంటే ఎక్కువసార్లు అరిచిన నెమలికి ఒక దండ. అందరికంటే ఎక్కువ గుంతలు తవ్విన కుందేలుకు ఒక దండ.

"ఎందుకయ్యా ఈ దండలు?" అని అడిగాడు కంటకయ్య.

"అంతా కొలత!" అంది కుందేలు ఛాతీ విరుచుకుని. "కొలిచినదే పెరుగుతుంది పెద్దాయనా. మీ ఊళ్లో లేవా కొలతలు?"

ఆ గుంతలు ఎందుకని మాత్రం కంటకయ్య అడగలేదు. కుందేలూ చెప్పలేదు. దానికీ తెలియదు మరి!

ఇంటికి వస్తూనే కంటకయ్య పాక ముందు పనివాళ్లను పిలిచి నిలబెట్టాడు.

"రేపటినుంచి మన పాకలోనూ కొలతలు! గున్నయ్యా, నువ్వు ఎన్ని కుండల రసం తీస్తే నీకంత గౌరవం. ఎంకయ్యా, నువ్వు ఎన్ని పెనాల పాకం దింపితే నీకంత పేరు. కోటప్పా, నువ్వు ఎన్ని దిమ్మలు చుడితే నీకంత ఘనత. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ చేసినవాడికి సాయంత్రం ఒక దండ, దోసెడు బెల్లం!"

"నా మెడకు సరిపడే దండ దొరుకుతుందా శెట్టిగారూ?" అన్నాడు గున్నయ్య.

"సరిపోకపోతే దంతానికి తగిలిస్తాను. ముందు పని చెయ్యి!"

"దోసెడంటే ఎవరి దోసెడండీ?" అన్నాడు కోటప్ప. "నాదా, గున్నయ్య బావదా?"

పొయ్యి దగ్గర నిలబడి వింటున్న సూదమ్మ ఒక్క మాట అంది. "దండ కోసం పనిచేస్తే దండే వస్తుందండీ."

"నీకు పట్టణం సంగతులు తెలియవులే" అన్నాడు కంటకయ్య. ముళ్లు నిక్కాయి. ఈసారి సంతోషంతో.

మొదటి రోజు ముగ్గురూ ఒళ్లు వంచి పనిచేశారు. దండలు పడ్డాయి. రెండో రోజు ఇంకాస్త వంచారు. మళ్లీ దండలు. ఆ తరువాత ఒళ్లు వంగలేదు. నొప్పులు పుట్టాయి.

గున్నయ్య కాలువలో తొండం ముంచి, అలిసిపోయిన కాళ్ల మీద నీళ్లు జల్లుకుంటున్నాడు. కాసిన్ని నీళ్లు గురితప్పి రసం కుండలో పడ్డాయి. కుండ పొంగి పక్క కుండలోకి కారింది. గున్నయ్య ఆ కుండను చూశాడు. కాలువను చూశాడు. అటూ ఇటూ చూశాడు.

"కాలువ నీళ్లు కూడా అమ్మవారి నీళ్లే కదా! ప్రసాదం లాంటివే" అనుకుని తొండం నిండా పీల్చి మళ్లీ జల్లాడు.

ఆ సాయంత్రం గున్నయ్య దంతానికి దండ పడింది.

మరి పాపం ఎంకయ్య! పెనంలో రసం ఎంతకూ చిక్కబడదు. ఎంత కాచినా ఆవిరే గాని పాకం రాదు. పెనాలు దింపకపోతే దండ రాదు. దాంతో ఎంకయ్య పొయ్యిలో కట్టెల మీద కట్టెలు కుక్కాడు. మంట పాక చూరు దాకా లేచింది. ఎంకయ్య వీపు మీది బొచ్చు కమిలి, అంతవరకూ నల్లగా ఉన్నవాడు ఎర్రగా తిరగడం మొదలుపెట్టాడు.

అడవిపందులకు పండగే పండగ! ముక్కులతో బండ్లు నెట్టుకుంటూ వచ్చేవి. "ఇంకో బండి దించమంటారా అయ్యా? పోనీ రెండు?" అని చేతులు కట్టుకుని అడిగేవి.

చివరికి ఎంకయ్య కూడా విసిగిపోయాడు. పాకం ముదరకముందే పెనం దింపేయడం మొదలుపెట్టాడు. "దింపావా లేదా అన్నదే శెట్టిగారి లెక్క. ముదిరిందా అన్నది ఆయన అడగలేదుగా!" అన్నాడు.

ఆ సాయంత్రం ఎంకయ్యకూ దండ పడింది.

ఇక కోటప్ప సంగతి మీకు చెప్పనే అక్కర్లేదు. కోతికి ఒకరు నేర్పాలా? మొదట్లో కొబ్బరికాయంత ఉండే దిమ్మ వెలగపండంత అయింది. వెలగపండు నిమ్మకాయ అయింది. నిమ్మకాయ ఉసిరికాయ అయింది.

"ఒరే కోటప్పా, ఇది దిమ్మా గోలీనా?" అని అడిగాడు ఎంకయ్య.

"నీ పాకం పాయసంలా ఉంటే దిమ్మ ఎలా నిలుస్తుంది బావా? చిన్నగా చుడితే కాస్త నిలబడుతోంది. అయినా లెక్కకు ఇదీ ఒకటే, అదీ ఒకటే!"

కోటప్పకూ దండ పడింది.

కంటకయ్య ఆనందానికి మేర లేదు. ముళ్లన్నీ నిక్కి, ఆయన చుట్టూ చిన్న దడి కట్టినట్టుండేది. "చూశావా సూదీ! కుండలు పెరిగాయి. పెనాలు పెరిగాయి. దిమ్మలు పెరిగాయి!"

"చూశానండీ. ఒకసారి ఇలా వచ్చి గాదె కూడా చూడండి."

గాదె తలుపు తీస్తే ఏముంది? పోయిన ఏడు ఈపాటికి సగం నిండిన గాదె ఇప్పుడు బోసినోరు పెట్టుకుని నవ్వుతోంది. లోపల నాలుగు చీమలు మాత్రం దారి తప్పినట్టు తిరుగుతున్నాయి.

"బెల్లమంతా ఏమైంది?" అన్నాడు కంటకయ్య.

"కట్టెలవాళ్లు పట్టుకుపోయారు. బండ్లు మూడింతలు వచ్చాయి. పైగా దిమ్మలు ఉసిరికాయల్లా ఉన్నాయని, ఒక్కో బండికి ఇదివరకటికి పదింతలు ఎంచి మరీ పట్టుకెళ్లారు. మిగిలింది దండలతోపాటు దోసెళ్లలో పోయింది. గున్నయ్య దోసెడంటే తొండం నిండానట. మీరే ఒప్పుకున్నారు."

అంతలో చూరు మీద కాకి వాలింది. అది అవతలి కోననుంచి వచ్చిన కాకి.

"కావ్! ములుకులమ్మగారు కబురంపారు. జాతరకు వస్తున్నారట. త్రాసు గట్టిది చూసి ఉంచమన్నారు. ఈ ఏడు కోడలు చక్కగా వండి పెడుతోందట. కాస్త ఒళ్లు చేశారట!"

కంటకయ్య ఒంటి మీద నిక్కిన ముళ్లన్నీ వాలిపోయాయి.

ఆయన రాత్రంతా ఆలోచించి తెల్లారేసరికి ఒక ఉపాయంతో లేచాడు. మొదటి ఉపాయాన్నే తలకిందులు చేశాడన్నమాట.

"నిన్నటి కొలతలు రద్దు! గున్నయ్యా, ఇకనుంచి రసం ఎంత చిక్కగా ఉంటే నీకంత గౌరవం. ఎంకయ్యా, ఎంత తక్కువ కట్టెలు కాలిస్తే అంత పేరు. కోటప్పా, దిమ్మ ఎంత పెద్దదైతే అంత ఘనత!"

"ఆయనకు ఎండదెబ్బ ఏమైనా తగిలిందా?" అన్నాడు ఎంకయ్య మెల్లగా.

"ఊరుకో. దండ వస్తే చాలు" అన్నాడు గున్నయ్య.

ఏమైందో ఊహించగలరా? చెప్పండి చూద్దాం. ఆఁ, అదే!

గున్నయ్య చెరకును గానుగలో ఒకసారి ముద్దుగా నొక్కి, మొదట జారిన చిక్కటి రసం పట్టి, మిగతాది పిప్పిలోనే వదిలేశాడు. పాక వెనక పిప్పి కుప్పలోంచి రసం ధారలు కట్టింది. పది కోనల చీమలు బంధువులను వెంటబెట్టుకు వచ్చి అక్కడే కాపురాలు పెట్టాయి.

ఎంకయ్య ఒక్క కట్టె వెలిగించి, దాని పక్కనే చలి కాచుకుంటూ కూర్చున్నాడు. పెనంలో రసం గోరువెచ్చగా కూడా కాలేదు. "కట్టెలు ఎన్ని మిగిల్చానో చూడండి శెట్టిగారూ!" అని గర్వంగా చూపించాడు.

ఆ జావతో కోటప్ప గుమ్మడికాయంత దిమ్మలు చుట్టాడు. ఎలా చుట్టాడంటారా? లోపలంతా చెరకు పిప్పి కుక్కి, పైన బెల్లం పూత పూశాడు. ఒక్కో దిమ్మ చూస్తే కళ్లు చెదిరేవి. దొర్లిస్తే దొర్లేవి. కొరికితే పళ్లు ఊడేవి.

ఆ దిమ్మల్లో ఒక బండెడు సింహం మహారాజుగారి వంటశాలకు వెళ్లింది. రెండు రోజులకే మహారాజుగారి లేడి భటుడు ఆయాసపడుతూ వచ్చాడు.

"శెట్టీ! నీ బెల్లం తిని మహారాజుగారి కోరపంటిలో పీచు ఇరుక్కుంది. అప్పటినుంచీ గర్జిస్తే గర్జన రావడం లేదు. ఈల వస్తోంది! నిన్న కొలువులో ఆయన కోపంగా గర్జించబోతే పిట్టలన్నీ పిలిచారనుకుని వచ్చి వాలాయి. ఇంకోసారి ఇలాంటి బెల్లం పంపితే ఆ పంటికి వేరే పని చెబుతానన్నారు!"

కంటకయ్య అరుగు మీద కూలబడ్డాడు. జాతర దగ్గర పడుతోంది. గాదె ఖాళీ. అత్తగారు ఒళ్లు చేశారు. ఇక పెనం పోయినట్టే. పెనం పోతే పాక లేదు. పాక లేకపోతే తనను నమ్ముకున్న ముగ్గురికీ పని లేదు.

"సూదీ" అన్నాడు గొంతు తగ్గించి. "నాకు తోచడం లేదే. నువ్వైనా చెప్పు."

సూదమ్మ ఇంట్లో దీపం పెట్టి వనదేవతకు మొక్కుకుంది. తరువాత నాలుగు బుట్టలు తెచ్చి పాక ముందు వరసగా పెట్టింది. ఆ రోజు తయారైన బెల్లమంతా తెప్పించి పోగు పోయించింది. ముగ్గురు పనివాళ్లనూ కూర్చోబెట్టింది.

"ఇది ఇవాళ్టి బెల్లం. ముందు చెరకు ఇచ్చిన దుప్పుల వంతు తీద్దాం" అని మొదటి బుట్ట నింపింది. "ఇది కట్టెలవాళ్లది" అని రెండోది నింపింది. "ఇది మీ ముగ్గురి తిండి" అని మూడోది నింపింది. నాలుగో బుట్ట దగ్గరకు వచ్చేసరికి పోగు అయిపోయింది. బుట్ట అడుగు కూడా కనుమరుగు కాలేదు.

"ఈ నాలుగోది ఎవరిదమ్మగారూ?" అన్నాడు కోటప్ప.

"పెనానిది."

కంటకయ్య తల గోక్కున్నాడు. "పెనం మనింట్లోనే ఉంది కదే. దానికి రోజూ వంతేమిటి? జాతరనాడు చూసుకోవచ్చుగా?"

"మనింట్లో ఉందని ఊరికే ఉన్నట్టా అండీ? ఇదే పెనం మా అన్నయ్య దగ్గర ఉంటే దాని కూలి అది తెచ్చుకునేది. మన దగ్గర అంతమాత్రం కూడా తేలేకపోతే, మనం వ్యాపారం చేస్తున్నట్టు కాదు. పెనాన్ని కొంచెం కొంచెంగా కొరుక్కు తింటున్నట్టు."

గున్నయ్య చెవులు ఊపడం ఆపేశాడు.

"ఇన్ని కుండలు తీశాం, ఇన్ని పెనాలు దింపాం. మరి ఏమీ మిగల్లేదేం?" అన్నాడు ఎంకయ్య.

"రెండో బుట్ట చూడు. అంత పెద్దది ఎందుకైంది?"

"కట్టెలు ఎక్కువ పట్టాయండీ. రసం చిక్కబడకపోతే నేనేం చెయ్యను? అదేం రసమో, ఆవిరి పోయిన కొద్దీ ఆవిరే..." ఎంకయ్య ఆగాడు. మెల్లగా గున్నయ్య వైపు తిరిగాడు. "ఒరేయ్ గున్నా. నీ తొండం తడిగా ఎందుకుందిరా?"

గున్నయ్య తొండం వీపు వెనక దాచుకోబోయాడు. ఏనుగు తొండం దాచడం అంత తేలికా?

"అంటే... బండ్లకు బండ్లు కట్టెలు తగలేసి, వీపు కాల్చుకుని, ఇన్నాళ్లూ నేను ఉడకబెట్టింది కాలువనా?"

"కాసిన్ని నీళ్లే బావా!"

"కాసిన్నా! కాలువలో చేపలు ఒడ్డున కూర్చుని ఏడుస్తున్నాయి!"

"ఆహా, నువ్వేమన్నా తక్కువ తిన్నావా? పాకం ముదరకుండా దింపిందెవరు? మహారాజు చేత ఈల వేయించిందెవరు?"

"ఈల నాది కాదు, కోటప్పది!"

"నా పేరు ఎత్తారంటే ఊరుకోను!" అంటూ కోటప్ప దూలం మీదికి ఎగిరి కూర్చున్నాడు. అక్కడినుంచి, "మీరిద్దరూ సరైన పాకం ఇచ్చి ఉంటే నేను పిప్పి ఎందుకు కూరుతాను?" అని అరిచాడు.

సూదమ్మ వాళ్లను తిట్టుకోనీ, కొట్టుకోనీ అన్నట్టు వదిలేసింది. అంతవరకు ఎవరి దండ వాళ్లు చూసుకున్నవాళ్లే గాని, ఒకరి పని ఒకరు చూసింది లేదు మరి. వాళ్లు అలిసిపోయాక సూదమ్మ అంది.

"ఇకనుంచి లెక్క ఇది. రోజూ ఈ నాలుగు బుట్టలూ నిండాలి. నిండాక మిగిలిందే మిగులు. అందులో సగం మాది, సగం మీ ముగ్గురిది. మిగలకపోతే మీకూ లేదు, మాకూ లేదు. మా ఆయన పెట్టిన దోసెళ్లు రద్దు."

"మరి కొలతలు?" అన్నాడు కంటకయ్య దీనంగా. పట్టణంనుంచి అంత ముచ్చటపడి తెచ్చుకున్నాడు కదా!

"ఉండనివ్వండి. కాకపోతే ప్రతి కొలతనూ ఒక్క మాట అడగండి. 'నువ్వు పెరిగితే మిగులు పెరుగుతుందా?' అని. పెరుగుతుందంటే కూర్చోబెట్టండి. లేదంటే సాగనంపండి."

మరునాడు పాకలో కొత్త సందడి మొదలైంది. ముందురోజు తిట్టుకున్న గున్నయ్య, ఎంకయ్య తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు.

"గున్నా, నువ్వు పడేసే ఆ పిప్పి తడిగా ఉండి పొయ్యిలో వేస్తే పొగ చిమ్ముతుందిరా. దాన్ని ఇంకోసారి గానుగలో వేసి గట్టిగా పిండగలవా? ఎండబెడితే నాకు కట్టెలకు బదులొస్తుంది."

"రెండోసారి పిండితే నాకు ఇంకో నాలుగు కుండలు రసమూ వస్తుంది బావా! నీళ్లు కలపని రసం! ఇది ఇన్నాళ్లూ తోచలేదేం మనకు?"

"దండలు కళ్లకు అడ్డం వచ్చి."

దాంతో గున్నయ్యకు కొత్త కొలత కుదిరింది. రసం కుండలు కాదు. కోటప్ప వచ్చి పిప్పిని పిడికిట్లో పట్టి పిండుతాడు. ఒక్క చుక్క రాలినా గున్నయ్య మళ్లీ గానుగ తిప్పాలి. ఏనుగుకు కోతి పరీక్ష పెట్టడం ఆ అడవిలో అదే మొదలు!

ఎంకయ్యకు ఇంకో కొలత. పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. ఆ ఉండను రాతికేసి కొడితే ఠంగుమనాలి. ఠంగుమంటేనే పెనం దింపాలి. కోటప్పకు మరో కొలత. దిమ్మలన్నీ ఒకే తూకం ఉండాలి, ఒక్కోటీ ఆకులో చుట్టి చీమ దూరకుండా కట్టాలి.

అడవిపందులు బండ్లు నెట్టుకుంటూ వచ్చాయి. "ఎన్ని దించమంటారయ్యా?"

"ఈ వారానికి ఒక్క బండి చాలు" అన్నాడు కంటకయ్య.

"ఒక్కటేనా!" పందుల మూతులు ఇంకాస్త సాగాయి. "ఏం జరిగిందయ్యా? ఎవరైనా పోయారా?"

"పోయాయి. దండలు పోయాయి" అన్నాడు కంటకయ్య.

ఒకరోజు నాలుగో బుట్ట సగం నిండింది. ఇంకోరోజు నిండింది. ఆ తరువాత ఒకనాడు నాలుగూ నిండి, పోగులో ఇంకా కొన్ని దిమ్మలు మిగిలాయి. గున్నయ్య, ఎంకయ్య, కోటప్ప ఆ చిన్న కుప్ప చుట్టూ చేరి, పురిటి బిడ్డను చూసినట్టు చూశారు.

జాతర రానే వచ్చింది. డప్పులు మోగాయి. పాక పక్కనే ఉన్న వనదేవత గద్దె ముందు పెద్ద త్రాసు కట్టారు.

ములుకులమ్మ పొద్దున్నే దిగింది. అబ్బో! కాకి 'కాస్త' అని మొహమాటానికి అంది. ఆమె నడుస్తుంటే ముళ్లు గలగలమంటున్నాయి, నేల గుభగుభమంటోంది. వస్తూనే గాదె తలుపు తీయించింది.

"మీ బెల్లంలో పిప్పి ఉంటుందని లోకమంతా చెప్పుకుంటోంది అల్లుడుగారూ. ఏదీ, ఒక దిమ్మ ఇలా ఇవ్వండి."

విరిచింది. వాసన చూసింది. నోట్లో వేసుకుంది.

"ఒక్కటి చూస్తే ఏం తెలుస్తుంది? ఇంకోటి ఇవ్వండి." అదీ తింది. "ఆ మూలది?" అదీ తింది. మధ్యాహ్నం దాకా ఆమె పరీక్ష సాగింది. ఆమె కాదంటుందేమోనని కంటకయ్య ఇస్తూనే ఉన్నాడు.

డప్పులు ఆగాయి. ములుకులమ్మ ఒక పళ్లెంలో కూర్చుంది. త్రాసు కట్టిన దూలం కుయ్యోమంది. రెండో పళ్లెంలో నాలుగో బుట్ట బెల్లం, అదే, పెనం వంతు బెల్లం, వేయడం మొదలుపెట్టారు. దిమ్మ మీద దిమ్మ. దిమ్మ మీద దిమ్మ. అత్తగారు కొంచెం లేచింది. ఇంకొంచెం లేచింది. చివరి దిమ్మ పడింది.

త్రాసు తూగలేదు. అత్తగారి పళ్లెం బెత్తెడు కిందనే ఆగిపోయింది.

ములుకులమ్మ కళ్లెర్ర చేసి అల్లుడి వైపు చూసింది. "మా అబ్బాయి బండి కట్టుకుని కోన మొదట్లోనే ఉన్నాడు. పిలవమంటారా?"

కోటప్ప కంటకయ్య చెవి దగ్గరకు జారాడు. "శెట్టిగారూ! అదిగో, కట్టెలవాళ్ల బుట్ట. వాళ్లింకా తీసుకెళ్లలేదు. నాలుగు దిమ్మలు వేసేద్దాం. రేపు మెల్లగా సర్దుకుందాం. ఎవరికి తెలుస్తుంది?"

కంటకయ్య ఆ బుట్ట వైపు చూశాడు. నిండుగా ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. పెనం వైపు చూశాడు. అమ్మవారి వైపు చూశాడు.

"వద్దురా కోటప్పా. అది కట్టెలది. ఇంకొకరి వంతు తీసుకొచ్చి ఇక్కడ పోస్తే త్రాసు తూగుతుందేమో గాని, మనం తూగం. అమ్మవారు చూస్తోంది."

అని ఇంట్లోకి వెళ్లి, తన సగం మిగులులోంచి మూట తెచ్చాడు. తన పిల్లలకు అరిసెలు చేయించాలని దాచుకున్న బెల్లం అది. ఒక్కో దిమ్మా పళ్లెంలో పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. దూలం కుయ్యోమంది. పళ్లేలు రెండూ సరిసమానంగా నిలిచాయి!

డప్పులు దద్దరిల్లాయి. గున్నయ్య ఘీంకరించాడు. సరిగ్గా అప్పుడే ములుకులమ్మ బ్రేవుమని పెద్దగా త్రేన్చింది. కోనంతా బెల్లం వాసన!

సూదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అమ్మా! పొద్దున్నుంచీ ఎన్ని దిమ్మలు తిన్నావే?"

"తినడమేమిటే? రుచి చూశానంతే."

"అయితే తక్కువైన బెల్లం ఎక్కడికీ పోలేదన్నమాట. నీ పళ్లెంలోనే ఉంది!"

జాతర జాతరంతా విరగబడి నవ్వింది. ములుకులమ్మ ముళ్లు నిక్కాయి. ఏమవుతుందోనని కంటకయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. కాని అవి కోపంతో నిక్కలేదు. పొట్ట పట్టుకుని, త్రాసు ఊగిపోయేలా తానూ నవ్వింది.

కళ్లు తుడుచుకుని కిందికి దిగి, అల్లుడిని పిలిచింది. "ఆ బుట్ట వైపు మీ చెయ్యి వెళుతుందా లేదా అనే చూశాను అల్లుడుగారూ. నా పెనం కూలి నాకు ముట్టింది. చెరకువాళ్లకు?"

"ముట్టిందండీ."

"కట్టెలవాళ్లకు?"

"అదిగో, బుట్ట సిద్ధంగా ఉంది."

"పనివాళ్లకు?"

"కడుపు నిండా తిన్నాం తల్లీ!" అన్నారు ముగ్గురూ.

"మరి మీకేం మిగిలింది?"

కంటకయ్య మూట విప్పి చూపించాడు. అందులో ఐదారు దిమ్మలున్నాయి.

"ఇంతేనా?"

"ఇంతేనండీ. కాకపోతే ఇది చెరకుదీ కాదు, కట్టెలదీ కాదు, చివరికి మీ పెనందీ కాదు. అచ్చంగా మాది. పోయిన నెల మా పాకలో చాలా దండలుండేవి అత్తయ్యగారూ. వాటివల్ల నాకంటూ మిగిలింది ఒక్క దిమ్మా లేదు."

ములుకులమ్మ ఆ మాట విని కాకిని పిలిచి, "మా అబ్బాయికి చెప్పు, బండి ఖాళీగా తోలుకుపొమ్మని. పెనం ఇక్కడే ఉంటుంది" అంది.

అల్లుడి దగ్గరకు వచ్చి ఆప్యాయంగా వీపు తట్టబోయి, ఆయన సంతోషం ఏ స్థాయిలో ఉందో చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, దూరంనుంచే దీవించింది.

వనదేవత చెరకుల కోనను చల్లగా చూసినట్టే మిమ్మల్నీ చూడాలి. ఇక ఊఁ కొట్టడం ఆపి, ఈ ఒక్క మాటా మనసులో పెట్టుకోండి.

ఎన్ని కుండలు నిండాయన్నది లాభం కాదు, అందరి వంతూ తీరాక మిగిలిందే లాభం. ఆ మిగులును పెంచే కొలతే కొలత.